మేస్త్రిగారి షెడ్డు: ఆయన పోయిన తరువాత అక్కడి పనితనం

అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్లే దారిలో, కాలువ గట్టు దిగగానే కొబ్బరి చెట్ల మధ్య కనిపించే రేకుల షెడ్డును చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మేస్త్రిగారి షెడ్డు అనే అంటారు. ఈ మధ్య అక్కడ నేను రెండు పనులు చేయించుకున్నాను. ఒకటి, మా అమ్మ తరఫు తాతగారు నాటకాలలో వాయించిన కాళ్ల హార్మోనియానికి మరమ్మతు. రెండవది, మా వరండాకు కొత్త ఉయ్యాల బల్ల. మేస్త్రిగారు కాలం చేసి ఏడాది దాటింది. ఇప్పుడు ఆ షెడ్డును ఆయన రెండో కుమారుడూ, చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే పని నేర్చుకున్న శిష్యుడూ కలిసి నడుపుతున్నారు. ఆయన ఉన్న రోజుల్లో పని చేయించుకున్నవారు, ఇప్పుడు కూడా అక్కడికి వెళ్లవచ్చునా అని నన్ను అడుగుతున్నారు. వెళ్లవచ్చు. అయితే ఏ పనికి వెళ్లాలో, ఏ పనికి వెళ్లి లాభం లేదో తెలుసుకుని మరీ వెళ్లాలి. ఆ తేడా తెలియాలంటే ఆయన చేసిన పనులేమిటో ముందుగా చెప్పుకోక తప్పదు.

షెడ్డుకు బోర్డు లేదు. మందుల షాపులకు, ఎరువుల కొట్లకు, కాఫీ హోటళ్లకు దశాబ్దాల తరబడి బోర్డులు రాసిన మనిషి తన షెడ్డు మీద ఒక్క అక్షరం రాసుకోలేదు. తాను చేసిన తలుపు మీద గానీ మంచం మీద గానీ పేరు చెక్కుకోలేదు. ఆయన పద్ధతిని మన్నించి నేను కూడా ఇక్కడ పేరు రాయడం లేదు. ఆ దారిలో ఏ కొబ్బరి బొండాల బండి దగ్గర ఆగి మేస్త్రిగారి షెడ్డు అని అడిగినా చెబుతారు.

ఆయన మొదట పడవల వడ్రంగి. కోరంగి రేవు 1839 నాటి తుఫానులో దెబ్బతిని మళ్లీ మునుపటి స్థితికి రాలేకపోయినా, చెక్క పడవలు కట్టే విద్య పక్కనే ఉన్న తాళ్లరేవులో నిలిచిపోయింది. మేస్త్రిగారు మీసాలు రాని వయసులోనే అక్కడికి వెళ్లి బాడిశ పట్టడం నేర్చుకున్నారు. పడవ పనిలో పలకలను వంచి బిగించడం ఒక ఎత్తయితే, ఆ పలకల మధ్య మిగిలిన సందును మూయడం మరొక ఎత్తు. పత్తిని తాడులా పేని, మొద్దుబారిన ఉలితో ఆ సందులోకి కూరి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పట్టించాలి. తక్కువ కూరితే నీరు వస్తుంది. ఎక్కువ కూరితే, నీటిలో దిగాక చెక్క ఉబ్బి పలకలే విడిపోతాయి. ఎంత కూరాలన్నది ఉలి మీద సుత్తి దెబ్బ పలికే తీరును బట్టి తెలుస్తుందని ఆయన చెప్పేవారు. మోగినంతసేపు కొట్టాలట, మోత ఆగి దెబ్బ బొద్దుగా పడగానే ఆపాలట. ఆయన చెవి తయారైంది అక్కడేనని నా నమ్మకం.

తిరిగి వచ్చాక గౌతమి, వైనతేయ పాయల మీద రేవుల్లో నడిచే నాటు పడవలకు మరమ్మతులు చేస్తూ సంసారం నిలబెట్టుకున్నారు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరద తరువాత, కొట్టుకుపోగా మిగిలిన పడవలను బాగుచేయడానికి నెలల తరబడి రాత్రిళ్లు కూడా పెట్రోమాక్స్ దీపాల కింద పని చేశారని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తరువాత ఒక్కొక్క రేవుకూ వంతెన పడుతూ వచ్చింది. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి వారధి 2002లో వచ్చాక ఆ వైపు పడవ పని దాదాపు ఆగిపోయింది. చేపల వేటకు ఫైబర్ పడవలు వచ్చాయి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య రేవు దాటించే పెద్ద పడవ, పంటు, తిరుగుతూనే ఉన్నా, దాని మీద చెక్కపని ఎంతని ఉంటుంది?

అయితే హార్మోనియం పని ఆయనకు పడవ ద్వారానే దొరికింది. ఒక నాటక సమాజం వారు పరిషత్తుకు వెళ్తూ రేవు దాటుతుండగా వారి హార్మోనియం నీటి పాలైంది. గట్టున పడవకు గుగ్గిలం పూస్తున్న ఈయన దగ్గరకు దాన్ని తెచ్చి, కనీసం చెక్క విడిపోకుండా చూడమన్నారు. ఆయన అంతకుముందు ఆ వాద్యం లోపల ఏముంటుందో చూసి ఎరగరు. విప్పి చూస్తే, గాలి నింపే తోలు తిత్తి ఆయనకు తిరగేసిన పడవలా కనిపించింది: అక్కడ నీరు లోపలికి రాకూడదు, ఇక్కడ గాలి బయటికి పోకూడదు. తోలు మడతలు ఆరబెట్టి, మూలల్లో కొత్త మేకతోలు వేసి, గాలి ఎక్కడి నుంచి పోతున్నదో చెంప ఆనించి కనిపెట్టి మూశారు. ఆ రోజు సాయంత్రానికి నాటకం ఆడారు. ఇదంతా మా తాతగారు చెప్పినది. ఆయన ఆ సమాజంలోనే హార్మోనిస్టు కనుక, నీళ్లలో పడిన హార్మోనియం ఇప్పుడు నేను షెడ్డుకు తీసుకెళ్లినదేనన్నమాట.

అప్పటికి ఆకాశవాణిలో ఆ వాద్యానికి ప్రవేశమే లేదు. 1940లో పెట్టిన నిషేధాన్ని 1971లో గానీ సడలించలేదు. రేడియోలో వినిపించని ఆ ముప్పయ్యేళ్లూ కోనసీమ నాటక పందిళ్లలో హార్మోనియం లేనిదే తెర లేవలేదు. ఒక్కొక్క సమాజం వాద్యమే మేస్త్రిగారి దగ్గరకు రావడం మొదలైంది. తిత్తి బాగుచేయడం వడ్రంగానికి దగ్గరి పనే. శ్రుతి చేయడం అలా కాదు. రీడు అంటే ఇత్తడి పలకకు బిగించిన పలచని నాలుక. ఆ నాలుకను కొసన గీస్తే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. గీయవలసింది వెంట్రుక వాసిలో సగం. ఒకసారి ఎక్కువ గీస్తే ఆ రీడు చేతికి రాదు, గుజరాత్‌లోని పాలితాణా నుంచి వచ్చే రీడు కోసం కాచుకోవాలి. ఆయనకు సంగీతం రాదు, స్వరాల పేర్లు కూడా వరసగా చెప్పగలిగేవారు కాదు. విరిగిన రంపపు బ్లేడును అరగదీసి చేసుకున్న చిన్న కత్తితో ఒక గీత గీయడం, రీడును నోటి దగ్గర పెట్టుకుని ఊది వినడం, మళ్లీ గీయడం. చివరికి ఆ సమాజంలో పద్యం పాడే నటుణ్ణి పిలిపించి, ఆయన గొంతుకు ఆనించి సరిచూసుకునేవారు. అందుకే ఆయన శ్రుతి చేసిన హార్మోనియాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలిసేవి కావని, ఏ నటుడికి చేసినది ఆ నటుడికే ఒదిగేదని మా తాతగారు అనేవారు. శాస్త్రం తెలిసినవాళ్లు దాన్ని లోపమంటారేమో. పందిట్లో కూర్చున్నవాళ్లకు మాత్రం పద్యం చివరి రాగం సాగినంతసేపూ వాద్యం గొంతును వదిలేది కాదు.

నాటక సమాజాలతో ఆ పరిచయమే ఆయన చేతికి కుంచె ఇచ్చింది. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర అంటూ మూడు తెరలుంటే ఆ రోజుల్లో ఏ నాటకమైనా నడిచిపోయేది. వాటిని ఆయన నేల మీద పరిచి, గంజి పట్టించిన గుడ్డ మీద రంగుపొడులు కలిపి వేసేవారు. రాజమహేంద్రవరంలో టేకు కోసం కలప అడితీలకు వెళ్లినప్పుడల్లా దామెర్ల రామారావు చిత్రశాలకు కూడా వెళ్లి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు నిలబడి వచ్చేవారట. ఆ రేఖల మెత్తదనం ఆయనకు రాలేదు. చిత్రకారుడిగా ఆయనను ఆకాశానికి ఎత్తేవారితో నేను ఏకీభవించను. కాని ఆయన దర్బారు తెరలోని స్తంభాలు వేరు. పైకప్పు బరువు ఎటు దిగుతుందో తెలిసిన మనిషి వేసిన స్తంభాలవి. దూలం కింద బోదె, బోదె కింద పీట, కుసి (ఒక చెక్క గాడిలో దిగే మరో చెక్క కొస) ఎక్కడ కూర్చుంటుందో కూడా కనిపించేటట్లు వేశారు. అడవి తెరలో చెట్లను చూసి ఇది మద్ది, ఇది టేకు అని కలప వ్యాపారి ఎవరైనా చెప్పగలడు. పక్షులు మాత్రం కొయ్యబొమ్మలే.

బోర్డుల సంగతి తొందరగా చెబుతాను. నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత ఆంధ్రదేశం మొత్తం మీద పెళ్లి శుభలేఖలకూ కొట్ల బోర్డులకూ ఎక్కిపోయిన కాలంలో కూడా ఆయన ఆ రాత రాయలేదు. ఆయనది తలకట్లు గుండ్రంగా తిరిగిన, లావైన పాత అక్షరం. రోడ్డు అవతల నుంచి చత్వారం వచ్చినవాళ్లు కూడా చదవగలిగేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తనంతట తానే పోయింది. చవితికి కాలువ బంకమట్టితో వినాయకులను చేసేవారు గానీ, విగ్రహాల పనిలో పేరున్నది కొత్తపేట శిల్పులకే కనుక, ఎవరైనా పెద్ద విగ్రహం అడిగితే అక్కడికే పంపేవారు.

సంక్రాంతి వస్తే మాత్రం మిగతా పనులన్నీ మూలన పడేవి. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో జరిగే తీర్థానికి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన వెదురు కట్టడాలు, వస్తాయని ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఆ ప్రభలనే చూపించారు. గంగలకుర్రు వైపు ప్రభలను నీళ్లున్న కౌశిక నదిలోకి దింపి, భుజాల మీదనే అవతలి గట్టు ఎక్కిస్తారు. వెదుళ్లు వంచి కట్టిన అంత ఎత్తు ప్రభ నీటిలో ఒక పక్కకు ఒరిగినప్పుడు ఏ కట్టు జారకూడదో, ఏ కట్టు కొంచెం సాగాలో తెలిసి ఉండాలి. మేస్త్రిగారు ప్రభ కట్టే చోట మేకు వాడనిచ్చేవారు కాదు. మేకు కొట్టిన చోట వెదురు చీలుతుంది, తాడు వేసిన చోట ఊగి సర్దుకుంటుంది. నూలు గుడ్డలు, నెమలి పింఛాలు, వరికంకుల కుచ్చులు, గంటలు తరువాతి సంగతి. ఆయన పని అవి ఎక్కకముందే, ఎవరికీ కనపడని ఆ కట్లతో పూర్తయ్యేది.

ఆయనకు పది విద్యలు వచ్చునని అందరూ అంటారు. నా లెక్కలో ఆయనకు వచ్చినది ఒకే విద్య, రెండు వస్తువులు కలిసే చోటును చూసుకోవడం. అది పలకా పలకా కావచ్చు, తోలూ చెక్కా కావచ్చు, గొంతూ రీడూ కావచ్చు. ఇప్పుడు షెడ్డులో ఆ విద్యలో ఎంత మిగిలిందన్నదే నేను చూసింది.

ముందు హార్మోనియం. ఎలుకలు తిత్తి మూలలు కొరికేశాయి. రీడ్లకు చిలుము పట్టింది. వానాకాలమంతా మెట్లు (వాయించేటప్పుడు వేళ్లతో నొక్కే చెక్కలు) ఉబ్బి, నొక్కితే నొక్కినట్లే ఉండిపోతున్నాయి. శిష్యుడు రీడ్లను ఒక్కొక్కటే విప్పి, మేస్త్రిగారు చేసిన గాళ్ల పలక మీద వరసగా పేర్చారు. ప్రతి గాడి పక్కనా పెన్సిలుతో గీసిన గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. స్వరాల పేర్లు కావవి, చుక్కలు, గీతలు, ఒకచోట చిన్న చేప బొమ్మ. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి మెరుస్తుంది గానీ నాలుక తరుగుతుందని, పొడి కుంచెతో దులిపి, పలచని కాగితపు ముక్కను నాలుక కింద దూర్చి మెల్లగా లాగుతూ మట్టి తీశారు. తిత్తికి కొత్త తోలు వేశాక దాన్ని నిండుగా తొక్కి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలి, గోడ గడియారం చూడమని నాకు చెప్పారు. అర నిమిషం దాటినా తిత్తి కుంగలేదు. మెట్ల పక్కలు చిత్రికతో కాకుండా ఉప్పు కాగితంతో తీయడం వల్ల సందులు పెద్దవి కాలేదు, ఈ వానల్లో కూడా ఒక్కటీ పట్టలేదు. ఇంతవరకు పనికి వంక పెట్టడానికి లేదు.

శ్రుతి దగ్గర తేడా వచ్చింది. ఇప్పుడు ఫోనులోని యాప్ ముల్లు చూసి శ్రుతి చేస్తున్నారు. ఏ రీడుకా రీడు విడిగా మోగిస్తే ముల్లు నడిమధ్యనే నిలబడుతుంది. కాని ఇది రెండు వరసల రీడ్లున్న వాద్యం. మంద్ర స్థాయిలో రెండు వరసలూ కలిసి మోగినప్పుడు ధ్వని నిలకడగా ఉండకుండా అలలు అలలుగా ఊగుతున్నది. మధ్య స్థాయిలో బాగుంది, భజనకు చాలు. పద్యానికి చాలదు. ఈ మాట అంటే కుమారుడు నొచ్చుకోలేదు. "ఆయ్, చెక్కా తోలూ మేం చూసుకుంటామండి. శ్రుతి నాన్నగారితో పోయిందండి, ఉన్నమాట చెప్పాలి కదండి" అన్నారు. శ్రుతి పనికి అడిగిన డబ్బులో సగం తగ్గించి, రాజమహేంద్రవరంలో ఫలానా చోట చూపించుకోమని తానే చెప్పారు. తమకు రాని పనిని రాదని చెప్పే కొట్లు ఎన్ని ఉన్నాయి కనుక! మొత్తం మీద మరమ్మతుకు నాకు 6,500 రూపాయలైంది. తోలు పని నాణ్యతకు అది తక్కువే.

ఉయ్యాల బల్ల విషయంలో మాత్రం నాకు మాటలు చాలవు. 1996 నవంబరు 6వ తేదీ తుఫానుకు కోనసీమలో కొబ్బరి తోటలతో పాటు దొడ్లలోని పనస చెట్లూ కూలిపోయాయి. కూలిన కొబ్బరిని ఏం చేయాలో తెలియక అందరూ తలపట్టుకుని ఉన్నప్పుడు, మేస్త్రిగారు ఊరూరా తిరిగి పనస దుంగలను కొన్నారు. వాటిని పలకలుగా కోయించి, మధ్యలో చిన్న చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేటట్లు షెడ్డు వెనుక పేర్చి, ఏడాదికొకసారి పైవి కిందికీ కిందివి పైకీ మార్పించేవారు. అడిగినవాళ్లందరికీ ఇంకా ఆరలేదనే చెప్పేవారు. నా బల్ల ఆ పలకల్లో ఒకటి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండు అంగుళాల మందం, అతుకు లేని ఒకే చెక్క. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండే పనస ఇన్నేళ్లకు తేనె రంగు దాటి ఎరుపు తిరిగింది. ముడి ఉన్న చోటును కనపడకుండా చేయకుండా, కూర్చున్నవారి కుడిచేతి కిందికి వచ్చేటట్లు పెట్టారు. అరచేతికి అది కొంచెం చల్లగా తగులుతుంది. అడుగున రెండు అడ్డకమ్ములు కుసి వేసి కూర్చోబెట్టారు, ఎక్కడా మేకు లేదు. గొలుసు పోయే నాలుగు రంధ్రాలలో ఇత్తడి గొట్టాలు దిగగొట్టడం వల్ల చెక్క అరగదు. గొలుసులను నేను అజ్జరం నుంచి విడిగా తెప్పించుకున్నాను. బల్లకు 28,000 రూపాయలు తీసుకున్నారు. ఎక్కువన్నవారికి ఆ చెక్క వయసు చెప్పి ఊరుకుంటున్నాను. అటువంటి పలకలు ఇంకా రెండు మూడే ఉన్నాయి. అవి అయిపోయాక టేకే, అదీ అడితీ నుంచి అప్పటికప్పుడు వచ్చేదే.

వంకలు లేవని కాదు. దసరాకు ఇస్తామన్న బల్ల శివరాత్రికి వచ్చింది. ఫోను చేస్తే రేపనడం తప్ప కారణం చెప్పరు. పూత విషయంలో మనం నోరు తెరిచి అడగకపోతే అద్దంలా మెరిసే కొత్తరకం పాలిష్ కొట్టేస్తారు. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో పట్టించే పాత పద్ధతి శిష్యుడికి బాగా వచ్చు, కాని రెండు రోజుల పని కనుక తమంతట తాము ఆ మాట ఎత్తరు. అన్నిటికంటే నాకు బాధ కలిగించినది వేరొకటి. మేస్త్రిగారు వేసిన దర్బారు తెర ఇప్పుడు ఆ కలప మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది. కింది అంచున రెండు స్తంభాల పీటలు చెమ్మకు రాలిపోయాయి. దాన్ని చుట్టి ఆరిన చోట దాచమని, లేదా చూసుకోగలవారికి ఇవ్వమని గట్టిగానే చెప్పాను. చూద్దామండి అన్నారు. ఈ సమీక్ష చదివినవారు అక్కడికి వెళ్లినప్పుడు ఆ మాట మరొకసారి గుర్తుచేస్తే మేలు.

తలుపులు, కిటికీలు, మంచాలు, ఉయ్యాలలు, హార్మోనియం తిత్తుల పనికి సందేహించకుండా వెళ్లండి. సగం డబ్బు ముందు ఇవ్వాలి, రవాణా ఖర్చు మనదే. ధనుర్మాసం సగం గడిచిన దగ్గర నుంచి ముక్కనుమ దాకా ప్రభల పనిలో ఉంటారు కనుక ఆ రోజుల్లో షెడ్డు తీసి ఉన్నా పని ముట్టుకోరు. హార్మోనియం తీసుకెళ్లేవారు తిత్తికి, మెట్లకు మాత్రమే ధర మాట్లాడుకుని, శ్రుతికి వేరే చోటు చూసుకోండి.